సన్నటి హై పవర్ రాకెట్‌లో మోటార్ జారకుండా దేనితో పట్టి ఉంచాలి?

రాకెట్ ఎంత సన్నగా ఉంటే గాలి దాన్ని అంత తక్కువగా ఆపుతుంది. అందుకే ఎత్తు మీద ఆశ ఉన్నవాళ్లు ట్యూబు లోపలి కొలతను మోటార్ (ఇంధనం నింపిన లోహపు కేసు) బయటి కొలతకు సరిగ్గా సరిపోయేలా తీసుకుంటారు. 54 మిల్లీమీటర్ల మోటార్ అయితే అది దూరేంత ట్యూబే రాకెట్ ఒళ్లు. దీన్నే మినిమమ్ డయామీటర్ రాకెట్ అంటారు. ఎగరడం బ్రహ్మాండంగా ఎగురుతుంది. చిక్కల్లా మోటార్‌ని పట్టి ఉంచే సామాను పెట్టడానికి లోపల చోటు లేకపోవడమే.

లావు రాకెట్‌కు ఈ బాధ లేదు. లోపల చిన్న ట్యూబు, దాని చుట్టూ ప్లైవుడ్ రింగులు ఉంటాయి. వెనుక రింగుకు రెండు బోల్టులు బిగించినా, చివరన ఒక మర మూత పెట్టినా పని అయిపోతుంది. సన్న రాకెట్‌లో రింగులూ ఉండవు, బోల్టు దిగడానికి చెక్కా ఉండదు. ట్యూబు గోడ దాటితే నేరుగా మోటార్ కేసే. అందుకే చాలామంది ట్యూబు కోసి, ఫిన్లు (తోక రెక్కలు) అతికించి, రంగు వేశాక "ఇప్పుడు మోటార్‌ని ఎట్లా ఆపాలి?" అని అడుగుతారు. అప్పటికి మంచి దారులు సగం మూసుకుపోయి ఉంటాయి. ఈ నిర్ణయం ట్యూబు కొనకముందే జరగాలి.

హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేశాక ఇంజనీరింగ్ పిల్లల్లో రాకెట్ల మీద ఇష్టం బాగా పెరిగింది. నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్ వెళ్లి చదువుతూ రాకెట్ టీముల్లో చేరుతున్న పిల్లల కోసం, సెలవుల్లో ఊరికొచ్చి ఇక్కడి లేత్ షాపుల్లో భాగాలు చేయించుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట. మన దేశంలో రాకెట్ ప్రొపెల్లెంట్‌ను (మోటార్‌లో మండే ఇంధనాన్ని) తయారు చేయడం, కొనడం, దాచడం 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్, 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ కిందికి వస్తుంది. లైసెన్సులు ఇచ్చే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ప్రధాన ఆఫీసు నాగపూర్‌లో ఉంది. ఆకాశానికి వేరే అనుమతి కావాలి, శంషాబాద్ విమానాశ్రయం మనకు దూరమేమీ కాదు. కాబట్టి మన చెలకలో నిలబెట్టి అంటించే పని కాదిది. భాగాలు ఇక్కడ చేసుకోండి, బలం పరీక్షలు ఇక్కడ చేసుకోండి, ఎగరేయడం మాత్రం అనుమతులున్న పోటీ మైదానంలోనే.

హై పవర్ అంటే మొత్తం ఇంపల్స్ (తోపును మండే సమయంతో గుణిస్తే వచ్చేది) 160 న్యూటన్-సెకన్లు దాటినవి. మోటార్లకు ఈ ఇంపల్స్‌ని బట్టి ఒక ఇంగ్లిష్ అక్షరం పెడతారు. అక్షరం ఒకటి పెరిగితే పై హద్దు రెట్టింపవుతుంది: హెచ్ 320 వరకు, ఐ 640 వరకు, జె 1280 వరకు, అట్లా పైకి. మోటార్ల లావు 29, 38, 54, 75, 98 మిల్లీమీటర్లుగా వస్తుంది. ఈ లావే ఇక్కడ ముఖ్యం. ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

మోటార్‌ని వెనక్కి లాగేది ఏది?

మోటార్ మండుతున్నప్పుడు అది ముందుకే తోస్తుంది. దాని వెనుక అంచున బయటికి పొడుచుకొచ్చి ఉండే థ్రస్ట్ రింగ్ ట్యూబు చివరకు ఆని రాకెట్‌ని నెడుతుంది. ఆ సమయంలో మోటార్ జారదు. మండడం ఆగాక గాలి రాకెట్‌ని గట్టిగా ఆపుతుంది కదా, అప్పుడు జారుతుందేమో అని చాలామందికి టెన్షన్. అది ఉల్టా. గాలి ఆపేది ట్యూబునీ, ఫిన్లనీ, ముక్కునీ. లోపలున్న మోటార్ తన వేగంతో ముందుకే పోవాలని చూస్తుంది, అంటే థ్రస్ట్ రింగ్‌కి ఇంకా ఆనుకుంటుంది. కాబట్టి అక్కడా భయం లేదు.

అసలు ప్రమాదం మూడు చోట్ల ఉంది.

మొదటిది ఎజెక్షన్ చార్జ్. పైకి వెళ్లాక పారాచూట్‌ని బయటికి తోసే ఆ పేలుడు ట్యూబులోని గాలిని ఒత్తుతుంది. ఆ ఒత్తిడి ముక్కుని ముందుకు తోసినంత బలంగానే మోటార్‌ని వెనక్కి తోస్తుంది. బయటి గాలి కంటే ఒక అట్మాస్ఫియర్ ఎక్కువ ఒత్తిడి అనుకుంటే, 38 మి.మీ. మోటార్ మీద దాదాపు 11.5 కిలోల తోపు పడుతుంది. 54 మీద 23 కిలోలు, 75 మీద 45, 98 మీద 77. లావు రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. 38లో నిలబడిన టేపు 75లో నిలబడదని చెప్పడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

రెండోది పారాచూట్ తెరుచుకున్నప్పటి కుదుపు. వెనుక ట్యూబు పైకొన నుంచి వేలాడుతూ, ఫిన్ల వైపు కిందికి చూస్తూ ఉంటుంది. ఒక్కసారిగా ట్యూబు ఆగుతుంది, మోటార్ ఆగదు. ఖాళీ కేసు 700 గ్రాములు, కుదుపు 50 జి (తన బరువుకు యాభై రెట్లు) అనుకోండి. ఒక్క క్షణానికి 35 కిలోల లాగుడు. పారాచూట్ ఆలస్యంగా, వేగం మీద ఉండగా తెరుచుకుంటే ఇంకా ఎక్కువ.

మూడోది చాలామంది మరిచిపోయేది: ట్యూబులో బందీ అయిన గాలి. నేల మీద మూసిన గాలి మూడు కిలోమీటర్లు పైకి పోయాక, బయట ఒత్తిడి దాదాపు మూడో వంతు పడిపోతుంది. 54 మి.మీ. మోటార్ మీద అదొక్కటే సుమారు 7 కిలోల తోపు, ఆగకుండా. మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పారాచూట్ గది గోడకు పెడితే ఇది తీరిపోతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ రంధ్రం మాత్రం పెట్టండి.

మోటార్ జారితే నష్టం కేసు ఖరీదొక్కటే కాదు. ఒత్తిడంతా వెనుక నుంచి పోతుంది, ముక్కు ఊడదు, పారాచూట్ లోపలే ఉండిపోతుంది. ఇటు కాలుతున్న అల్యూమినియం కేసు ఒక దిక్కు, అటు రాకెట్ ముక్కు కిందికి పెట్టి బాణంలా ఇంకో దిక్కు పడతాయి. కింద పత్తి ఏరుతున్న కూలీలు ఉండొచ్చు, గొర్రెల మంద ఉండొచ్చు. ఇంత చిన్న భాగం గురించి ఇంత పట్టుగా చెప్పడానికి కారణం అదే.

టేపు

టేపుని రెండు రకాలుగా వాడతారు. రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే గందరగోళం వస్తోంది.

ఒకటి లోపలి టేపు. కేసు చుట్టూ మాస్కింగ్ టేపు రెండు మూడు చుట్లు చుట్టి, బలంగా నెడితే తప్ప దూరనంత బిగువుగా చేయడం. చిన్న రాకెట్లలో దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి. హై పవర్‌లో దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నా గట్టి అభిప్రాయం. బిగువు చేతి అంచనా మీద ఆధారపడుతుంది, ఇవాళ్టి బిగువు రేపు ఉండదు. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో పెట్టిన నల్ల ట్యూబుని ముట్టుకోలేం, ఆ వేడికి టేపు జిగురు మెత్తబడి సబ్బులా జారుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మండాక కేసు వేడెక్కి ఉబ్బుతుంది. 54 మి.మీ. కేసు వంద డిగ్రీలు వేడెక్కితే పదో వంతు మిల్లీమీటరు పైనే లావవుతుంది. ముందే బిగువుగా ఉన్నది అప్పుడు పూర్తిగా ఇరుక్కుని, చల్లారేదాకా ఊడిరాదు. సుత్తితో కొట్టి తీయబోతే ట్యూబు చీలుతుంది.

రెండోది బయటి టేపు. ట్యూబు చివర, థ్రస్ట్ రింగ్ అంచు ఒకే మట్టంగా ఉంటే, సగం ట్యూబు మీద, సగం రింగు మీద పడేలా చుట్టూ టేపు వేయడం. ఏసీ డక్టులకు వాడే అల్యూమినియం ఫాయిల్ టేపు దీనికి మాస్కింగ్ టేపు కంటే మేలు. వేడికి తొందరగా లొంగదు, పల్చగా ఉంటుంది, గాలికి అడ్డం రాదు. అతికించే ముందు ట్యూబునీ రింగునీ స్పిరిట్‌తో తుడవాలి, వేలి జిడ్డు ఉన్నా పట్టదు. 29, 38 మి.మీ. మోటార్లకు, అదీ మోటార్ తన సొంత ఎజెక్షన్ చార్జ్‌తో పారాచూట్ తీసే రాకెట్లకు, ఇది నిజంగా పనికొస్తుంది. 54లో దీన్ని తోడుగా వాడతాను, ఒంటరిగా వాడను. 75కి వచ్చాక లెక్కలోకే తీసుకోను.

వెనుక నుంచి పట్టుకునే పద్ధతులు

ఫిన్ మొదట్లో, రెండు ఫిన్ల మధ్య, ట్యూబు బయటి గోడకు చిన్న అల్యూమినియం దిమ్మెలు ఎపాక్సీతో అతికించి, వాటికి స్క్రూ, వాషర్ పెట్టి, ఆ వాషర్ అంచు థ్రస్ట్ రింగ్ మీదికి వచ్చేలా చేస్తారు. మూడు ఫిన్లుంటే మూడు దిమ్మెలు. ఖర్చు తక్కువ, లేత్ పని కూడా పెద్దగా అక్కర్లేదు, మోటార్ పొడవుతో సంబంధం లేదు. ఈ చివరి సౌకర్యం చిన్నది కాదు. ఒకే రాకెట్‌లో ఇవాళ పొట్టి కేసు, రేపు పొడుగు కేసు పెట్టుకోవచ్చు. లోపం ఏమంటే, గాలి ధారలో గడ్డలు నిలబడతాయి. ధ్వని వేగం దగ్గరకు పోయే రాకెట్‌లో ఆ గడ్డలు మీరు సన్నటి ట్యూబు తీసుకుని సంపాదించిన లాభంలో కొంత తినేస్తాయి. అదీగాక దిమ్మె బలం అంతా జిగురు మీదే ఉంది. ఆ జిగురు మంట బయటికొచ్చే నాజిల్‌కి రెండు మూడు అంగుళాల దూరంలోనే ఉంది.

మర మూత సంగతి వేరే. ట్యూబు చివర బయటి వైపు మరలున్న రింగు అతికించి, దాని మీద మూత తిప్పుతారు. ఏరోప్యాక్ కంపెనీ వాటిని చాలామంది చూసే ఉంటారు. లావు రాకెట్లలో వీటికి మించినది లేదు. సన్న రాకెట్‌లో మాత్రం ఆ రింగు ట్యూబు కంటే లావుగా బయటికి పొడుచుకొస్తుంది. వెనక్కి సన్నబడే తోక ఆకారంలో ఉన్న మూతలు కొంత నయం. ఇంకో మాట, రాకెట్‌కు వెనుక బరువు పెరిగితే గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి స్థిరత్వం తగ్గుతుంది. మినిమమ్ డయామీటర్ రాకెట్‌లో మోటారే బరువంతా, అది వెనుకే ఉంటుంది. దాని మీద ఇంకో లోహపు మూత ఎందుకు? ఎత్తు మీకు ముఖ్యం కాకపోతే, మొదటిసారి కడుతుంటే, డబ్బు పెట్టగలిగితే తీసుకోండి. ఎత్తు కోసమే కడుతుంటే ముందు వైపుకు రండి.

ముందు నుంచి పట్టుకోవడం

నా ఓటు దీనికే. మోటార్ ముందు మూత, అంటే ఫార్వర్డ్ క్లోజర్, రంధ్రం లేకుండా మూసి ఉండి, మధ్యలో మరలు కోసి ఉంటే, బయట ఒక్క గడ్డ లేకుండా, గాలికి తెలియకుండా మోటార్‌ని పట్టి ఉంచొచ్చు. ముందు వైపు చేర్చిన బరువు స్థిరత్వానికి కూడా మంచిదే. ఇక్కడ కూడా రెండు దారులు ఉన్నాయి, వాటి స్వభావం పూర్తిగా వేరు.

మొదటి దారి గట్టి బోల్టు. ట్యూబులో మోటార్ ముందు కొన వచ్చే చోట అల్యూమినియం బల్క్‌హెడ్‌ని (ట్యూబుకు అడ్డంగా కూర్చునే గుండ్రటి దిమ్మెని) శాశ్వతంగా అతికిస్తారు. దాని మధ్య నుంచి మర కడ్డీ వెనక్కి చూస్తూ ఉంటుంది. మోటార్‌ని వెనుక నుంచి తోసి, చేత్తో తిప్పుతూ కడ్డీకి ఎక్కిస్తారు. బల్క్‌హెడ్ ముందు వైపు ఐ బోల్ట్ (తలకు కన్ను ఉన్న బోల్టు), దానికి పారాచూట్ తాడు. పారాచూట్ కుదుపు ట్యూబుకూ మోటార్‌కూ కలిసే అందుతుంది, ఎజెక్షన్ ఒత్తిడిని బల్క్‌హెడ్డే ఆపేస్తుంది, మోటార్‌ దాకా రానివ్వదు.

దీని బలం గురించి అనుమానం పెట్టుకోనక్కర్లేదు. 54 మి.మీ. ట్యూబులో 20 మి.మీ. మందం బల్క్‌హెడ్ అంచుకు దాదాపు 3400 చదరపు మిల్లీమీటర్ల జిగురు ముఖం దొరుకుతుంది. చదరపు మిల్లీమీటరుకు రెండు న్యూటన్లు మాత్రమే మోస్తుందని చాలా తక్కువగా లెక్క వేసినా 690 కిలోల దాకా వస్తుంది. ఊడిపోయిన బల్క్‌హెడ్ల తప్పు జిగురు పరిమాణంలో ఉండదు, ముఖం తయారీలో ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ ట్యూబు లోపలి గోడ అచ్చు నుంచి ఊడిరావడానికి వాడిన మైనంతో నున్నగా ఉంటుంది. దాన్ని 80 నంబరు ఎమెరీ కాగితంతో మసకబారేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, అప్పుడే అతికించాలి. అల్యూమినియం అంచుకూ అంతే, వీలైతే లేత్ మీద సన్నటి గాళ్లు కొట్టించండి, జిగురు వాటిలో కూర్చుంటుంది. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ వద్దు. అది తొందరగా గట్టిపడినట్టే తొందరగా వేడికి మెత్తబడుతుంది. నిదానంగా ఒక రోజు తీసుకునే రకం వాడండి. ఫెవిక్విక్ లాంటివి ఇక్కడికి తేవద్దు, అవి కుదుపుకు గాజులా విరుగుతాయి.

అతికించడం ఇష్టం లేకపోతే, బల్క్‌హెడ్ అంచుకు మరలు కోసి, ట్యూబు బయటి నుంచి ఆరు చిన్న కౌంటర్‌సంక్ (తల గోడలోకి మునిగే) స్క్రూలు పెట్టొచ్చు. ఫైబర్‌గ్లాస్, కార్బన్ ట్యూబులకు ఇది చక్కగా కుదురుతుంది. అట్ట ట్యూబులో మాత్రం రంధ్రాలు సాగి చీలిపోతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ స్క్రూలు దిగాల్సింది బల్క్‌హెడ్‌లోకి, మోటార్ కేసులోకి కాదు. మోటార్ కేసుకు ఎక్కడా, ఎంత చిన్నదైనా, రంధ్రం పెట్టొద్దు. లోపల పదుల అట్మాస్ఫియర్ల ఒత్తిడిని మోసే పాత్ర అది. గీత పడ్డా నేను పక్కన పెట్టేస్తాను.

గట్టి బోల్టుకు ఉన్న పెద్ద ఇబ్బంది పొడవు. బల్క్‌హెడ్ ఎక్కడ అతికిస్తే ఆ పొడవు కేసే సరిపోతుంది. అందుకే మీరు ఎప్పటికైనా పెట్టే అతి పొడుగు కేసును బట్టి బల్క్‌హెడ్ పెట్టుకుని, పొట్టి కేసుకు పొడుగు మర కడ్డీ మార్చుకునేలా ప్లాన్ చేయాలి. ఇది మొదట్లోనే అనుకోకపోతే తర్వాత దిద్దుకోలేరు.

రెండో దారి తాడు. బల్క్‌హెడ్ ఉండదు. మోటార్ ముందు మూతకే ఐ బోల్ట్ ఎక్కించి, పారాచూట్ తాడుని నేరుగా దానికే కడతారు. మొదటిసారి విన్నవాళ్లకు ఇది సగం పనిలా అనిపిస్తుంది. నిజానికి చాలా తెలివైన అమరిక. పారాచూట్ మోటార్‌ని పైకి లాగుతుంది. మోటార్ థ్రస్ట్ రింగ్ ట్యూబు కింది అంచుకు ఆనుతుంది. ఆ రింగు మీద ట్యూబు, ఫిన్లు కూర్చుని దిగుతాయి. కుదుపు ఎంత గట్టిగా ఉంటే మోటార్ అంత గట్టిగా లోపలికి బిగుస్తుంది. జిగురు మీద భారం లేదు, పొడవు పేచీ లేదు, బరువు కూడా ఐ బోల్ట్ బరువంతే. మన వైపు బోరులోకి మోటారు దింపేటప్పుడు పైపు ఉన్నా సరే, పక్కనే ఇంకో తాడు కట్టి దింపుతారు చూడండి, పైపు జాయింటు తెగినా మోటారు పాతాళానికి పోకుండా. ఈ తాడు కూడా ఆ పని చేస్తుంది: ఏది ఊడినా కేసు మాత్రం పారాచూట్‌ని వదిలిపోదు.

అయితే దీనిలో ఒక సందు ఉంది. ఎజెక్షన్ చార్జ్ పేలిన క్షణంలో తాడు ఇంకా వదులుగా, చుట్ట చుట్టి ఉంటుంది. ఆ ఒక్క క్షణం మోటార్‌ని వెనక్కి పోకుండా ఆపేది ఏదీ లేదు. మోటార్ జరిగితే ఒత్తిడి వెనుక నుంచి కారిపోతుంది, ముక్కు ఊడకపోవచ్చు. అందుకే తాడు పద్ధతికి బయటి ఫాయిల్ టేపు తప్పనిసరి తోడు. కుదుపు భారం తాడుది, ఎజెక్షన్ తోపు టేపుది. ఈ పని పంపకం అర్థమైతే టేపు ఎప్పుడు చాలుతుందో, ఎప్పుడు చాలదో మీరే చెప్పగలరు. 38కి 11.5 కిలోలు టేపు మోస్తుంది. 54కి 23 కిలోలు జాగ్రత్తగా వేస్తే మోస్తుంది, ముందే లాగి చూసి నమ్మాలి. 75కి 45 కిలోలంటే ఇక టేపు మీద పెట్టొద్దు, గట్టి బోల్టుకే పోవాలి.

ఇంకో షరతు కూడా ఉంది. తాడు పద్ధతికి థ్రస్ట్ రింగ్ ఉండి తీరాలి. కొన్ని కేసులకు వెనుక అంచే ఉండదు, ట్యూబులోకి పూర్తిగా మునిగిపోతాయి. అట్లాంటి కేసుకు తాడు కడితే, పారాచూట్ మోటార్‌ని ముందు నుంచి బయటికి లాగేసి, ఫిన్లున్న ట్యూబుని గాల్లో వదిలేస్తుంది. ఏరోటెక్ కంపెనీ రీలోడబుల్ (ఇంధనం మళ్లీ నింపుకునే) కేసుల్లో అంచు వెనుక మూతకు ఉంటుంది. సెసరోని కంపెనీ 38, 54 మి.మీ. కేసుల్లో కేసుకే ఉంటుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకుని మొదలుపెట్టండి.

ముందు వైపు పద్ధతులు రెంటికీ ఉన్న ధర ఒకటి చెప్పాలి. మరలున్న మూసిన మూత పెడితే మోటార్ సొంత డిలే (మండడం ఆగాక చార్జ్ పేలేదాకా ఉండే గడువు), ఎజెక్షన్ చార్జ్ వాడలేరు, వాటి దారి మూసుకుపోయింది. పారాచూట్ తీయడానికి ఆల్టిమీటర్ (ఎత్తు కొలిచే పరికరం), బ్యాటరీ, వేరే చార్జ్ కావాలి. దాని ఖర్చు, దాని పరీక్షలు మీ లెక్కలో ఉండాలి. రెండు కిలోమీటర్లు దాటే రాకెట్‌కు ఎట్లాగూ ఆల్టిమీటర్ పెట్టడమే మంచిది, అది ఎత్తు చూసి చిన్న పారాచూట్ ఒకసారి, పెద్దది నేలకు దగ్గరగా ఇంకోసారి తీస్తుంది. కాబట్టి ఎత్తు కోసం కట్టే రాకెట్‌లో ఇది అదనపు భారంగా అనిపించదు.

మరలు, లేత్ షాపు

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ బోరు మోటార్ల షాఫ్టులు తిప్పే లేత్ మేస్త్రీ చేతికి అల్యూమినియం రాడ్ ఇస్తే బల్క్‌హెడ్ చేసి ఇస్తాడు. పని చేయడంలో వాళ్లకు లోటు లేదు. తేడా వచ్చేది మరల కొలతలో. అమెరికా మోటార్ల ముందు మూతల్లో ఎక్కువగా కనిపించేవి పావు ఇంచు లావుకు ఇంచికి 20 మరలు, 3/8 ఇంచు లావుకు ఇంచికి 16 మరలు. మన హార్డ్‌వేర్ షాపులో చేయి పెడితే వచ్చేవి మిల్లీమీటర్ బోల్టులు. పావు ఇంచు రంధ్రంలో ఎం6 బోల్టు దూరుతుంది, ఒకటి రెండు మరలు పట్టినట్టే అనిపిస్తుంది, లాగితే మరలు గీరుకుని ఊడొస్తుంది. ప్రాణం మీదికి తెచ్చే తేడా ఇది. 3/8లో ఎం8 వదులు, ఎం10 దూరదు.

పాత షాపుల్లో రెండు సూత్, మూడు సూత్ అని అడిగితే విట్‌వర్త్ (పాత బ్రిటిష్ మర) బోల్టులు ఇస్తారు. పావు ఇంచు, 3/8 ఇంచు కొలతల్లో వాటి మరల లెక్క కూడా 20, 16 గానే ఉంటుంది కాబట్టి ఎక్కుతాయి. కానీ మర కోణం 55 డిగ్రీలు, అమెరికా మరది 60. బిగిస్తే మెత్తటి అల్యూమినియం మరను తినేస్తుంది. యూఎన్‌సీ (అమెరికా మర) అని పేరు పెట్టి అడగండి, దొరక్కపోతే తెప్పించుకోండి. వెళ్లేటప్పుడు ముందు మూతను మాత్రం వెంట తీసుకెళ్లండి, ప్రొపెల్లెంట్ ఉన్న మోటార్‌ని ఎట్టి పరిస్థితిలో షాపుకు తీసుకెళ్లొద్దు.

ఐ బోల్ట్ కొనేటప్పుడు కడ్డీని వంచి కన్ను చేసి వదిలేసినది కాకుండా, ఫోర్జింగ్‌తో చేసినది గానీ కన్ను వెల్డింగ్ చేసినది గానీ తీసుకోండి. వంచినది కుదుపుకు విప్పుకుంటుంది. మర కడ్డీకి బల్క్‌హెడ్ వైపు లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేయొచ్చు. మోటార్ వైపు మాత్రం గ్రీజు రాయాలి. దీనికి కారణం ఉంది. మోటార్‌ని లోపలికి తిప్పేటప్పుడు ముందు మూత తన కేసులోకి ఇంకా బిగుసుకునే దిక్కులోనే తిరుగుతుంది. ఎగిరొచ్చాక విప్పేటప్పుడు దిక్కు మారుతుంది. కడ్డీ పట్టేసి ఉంటే, మోటార్ కాకుండా ముందు మూత కేసు నుంచి విప్పుకుని ట్యూబులోనే ఉండిపోతుంది. వేడి తగ్గేదాకా ఆగి, గ్రీజు రాసిన కడ్డీ నుంచి విప్పితే ఈ తలనొప్పి ఉండదు. బిగించేటప్పుడు చేతి బలం చాలు. రెంచీతో బిగిస్తే ఆ ఒత్తిడంతా బల్క్‌హెడ్ మీదికి పోతుంది.

మరి మీకు ఏది?

29, 38 మి.మీ. రాకెట్, మోటార్ ఎజెక్షన్, మొదటి రాకెట్ అయితే: వెనుక దిమ్మెలు పెట్టి, పైన ఫాయిల్ టేపు కూడా వేయండి. కొంచెం ఎత్తు పోతుంది, పోనివ్వండి. 38లో ఆల్టిమీటర్ పెడుతుంటే తాడు పద్ధతి, బయటి టేపు. తక్కువ డబ్బుకు ఇంతకంటే మంచి కలయిక నాకు కనిపించలేదు.

54లో కొంచెం ఆలోచించాలి. ఒకే కేసుతో పోటీకి వెళ్తున్న టీమ్ అయితే గట్టి బోల్టు. రకరకాల పొడవుల కేసులు మార్చి ఎగరేయాలనుకుంటే తాడు, టేపు. టీమ్‌లో టేపు వేసే మనిషి ప్రతిసారీ మారుతుంటే మళ్లీ గట్టి బోల్టే, ఎందుకంటే టేపు బలం వేసే చేతిని బట్టి ఉంటుంది.

75, 98కి వేరే మాట లేదు. గట్టి బోల్టు, అల్యూమినియం బల్క్‌హెడ్, వీలైతే జిగురుతో పాటు స్క్రూలు కూడా. ఈ లావులో కేసు ఖరీదు, బరువు, పడితే జరిగే నష్టం అన్నీ పెద్దవే.

కేసుని ట్యూబుకు ఎపాక్సీతోనో హాట్ గ్లూతోనో అతికించేద్దాం అనే ఆలోచన కూడా వింటుంటాను. తిరిగి వాడే కేసుని అట్లా చేయొద్దు. ఎపాక్సీ అయితే ఊడిరాదు, హాట్ గ్లూ అయితే వేడికి కరిగి ఎప్పుడు వదులుతుందో చెప్పలేం.

లాగి చూడండి

ఏ పద్ధతైనా ఎగరేసే ముందు ఖాళీ కేసుతో లాగి చూడాలి. ఖాళీ కేసు అంటే ప్రొపెల్లెంట్ లేనిది, కడిగి ఆరబెట్టినది. ట్యూబుని తలకిందులుగా కాకుండా, దిగేటప్పుడు ఉండే తీరులోనే, పైకొన నుంచి దూలానికి కట్టండి. పత్తి మూటలు తూచే వేలాడే కాటా ఒకటి తెచ్చి, కేసు వెనుక భాగానికి తగిలించి మెల్లగా కిందికి లాగండి. ఎజెక్షన్ లెక్కకు రెట్టింపు పెట్టుకోండి: 38కి 23 కిలోలు, 54కి 46, 75కి 90. ట్యూబు, కేసు కలిసే చోట ముందే పెన్నుతో ఒక గీత గీయండి. భారం అర నిమిషం ఉంచి తీశాక గీత రెండు ముక్కలూ కలిసే ఉండాలి.

తాడు పద్ధతిలో రెండు పరీక్షలు వేర్వేరుగా చేయండి. తాడు వదిలేసి టేపుని ఒక్కదాన్నే లాగండి, టేపు తీసేసి తాడుతో వేలాడదీసి ఫిన్ల ట్యూబుని కిందికి లాగండి. ఈ రెండో పరీక్షలో థ్రస్ట్ రింగ్ ఆనే చోట ట్యూబు అంచు నలిగిందేమో వేలితో తడిమి చూడండి. అట్ట ట్యూబైతే ఆ అంచుకు పల్చటి ఎపాక్సీ పూసి గట్టిపరచాలి. టేపు పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, ట్యూబుని గంటసేపు ఎండలో పెట్టాక చేయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నిలబడిన టేపు అప్పుడు ఒక మిల్లీమీటరు జరిగినా ఆ టేపు పనికిరాదు. వేరే రకం తెచ్చి మళ్లీ లాగండి, లేదా బోల్టుకు మారండి.